చెప్పడానికి సిగ్గుపడే జబ్బు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థిగా ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు అడిగారు. "తమ్ముళ్లకు పనికొచ్చేది రాయి నాయనా" అన్నారు. ఇలాంటి సంచికల్లో మా బోటి వాళ్లు సాధారణంగా పట్టుదల గురించో, లక్ష్యం గురించో, కలలు కనడం గురించో రాస్తారు. అవి నాకంటే బాగా రాసేవాళ్లు ఈ సంచికలోనే నలుగురైదుగురు ఉంటారు. నేను వాంతులు, విరేచనాల గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసి తర్వాత చదవండి.

ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇదే హాస్టల్లో ఉన్నాను. ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ కూడా హాస్టళ్లలోనే. ఇప్పుడు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేనే. నాన్న ఐదో తరగతితో ఆపేశాడు, అమ్మ సంతకం పెట్టడం డ్వాక్రా గ్రూపులో నేర్చుకుంది. అందుకని మా చుట్టాల్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు నాకే ఫోను. నేను డాక్టర్ని కాదు అంటే మా నాయనమ్మ ఒప్పుకోదు. "సైన్సు చదివావుగా, ఆ మాత్రం తెలీదా" అంటుంది. ఆ ఫోన్లలో సగం కడుపు గురించే. వాళ్లు అడిగే ప్రశ్న కూడా ఒకటే. ఆసుపత్రికి పోవాలా, ఇంట్లోనే తగ్గిపోతుందా?

చాలా మంచి ప్రశ్న. ఎందుకంటే చాలాసార్లు ఇంట్లోనే తగ్గిపోతుంది. మన హాస్టళ్లలో ఒకడికి మొదలై రెండు రోజుల్లో గదంతా పాకే వాంతులు, విరేచనాలు తరచుగా వైరస్ వల్ల వచ్చేవే. వాటిలో నోరో వైరస్ అని ఒకటి ఉంది. 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నార్వాక్ అనే ఊళ్లో ఒక బడి పిల్లలకు ఒక్కసారిగా వాంతులు పట్టుకున్నాయి. ఆ ఊరి పేరు మీదే ఆ వైరస్‌కు పేరు వచ్చింది. అంటే ఇది పిల్లలు గుంపుగా ఉండే చోటికి మొదటి నుంచీ చుట్టమే. వైరస్ కడుపులోకి పోయాక పన్నెండు గంటల నుంచి రెండు రోజుల లోపు జబ్బు బయటపడుతుంది. ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుంది. తర్వాత దానంతట అదే పోతుంది. దాన్ని చంపే మాత్ర లేదు, అవసరం కూడా లేదు. మనం చేయాల్సిందల్లా ఆ మూడు రోజులు ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గిపోకుండా కాచుకోవడం.

మరి పిల్లలు ఎందుకు ప్రమాదంలో పడతారు? తెలియక అని అందరూ అంటారు. నేను చూసినంతలో తెలియకపోవడం కంటే చెప్పకపోవడం పెద్ద కారణం. జ్వరం వస్తే ఎవడైనా చెప్పుకుంటాడు, దుప్పటి కప్పుకుని పడుకుంటాడు, స్నేహితులు నుదురు పట్టుకుని చూస్తారు. విరేచనాలైతే ఎవరికి చెబుతాడు? మా రోజుల్లో ఎనిమిదో తరగతి వాడొకడు ఒక రాత్రి ఆరేడుసార్లు బకెట్టు పట్టుకుని పరుగెత్తాడు. తెల్లారేసరికి వాడి పేరు "పంపుసెట్టు" అయిపోయింది. పది పాసై వెళ్లేదాకా ఆ పేరు పోలేదు. అది చూసినవాడు రేపు తనకొస్తే నోరు విప్పుతాడా? దానికి తోడు బడి ఎగ్గొట్టడానికి నాటకం అంటారేమోనని భయం. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ మిరపకాయల కోత మానుకుని బస్సెక్కి రావాలి, ఒక రోజు కూలి పోతుంది, పైన చార్జీలు. ఆ లెక్క పన్నెండేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు. మన పిల్లలకు లెక్కల్లో మార్కులు ఎన్నొచ్చినా ఈ లెక్క మాత్రం బాగా వచ్చు.

నేను పదో తరగతిలో ఉండగా ఇలాగే ఒక తమ్ముడు దాచాడు. ఏడో తరగతి, నా ట్రంకు పెట్టె పక్కనే వాడి పెట్టె. మధ్యాహ్నం నుంచి అవుతున్నా ఎవరికీ చెప్పలేదు. నీళ్లు తాగితే మళ్లీ లేవాల్సి వస్తుందని నీళ్లు మానేశాడు. ఆ రోజుల్లో లెట్రిన్ల వైపు లైటు లేదు, చీకట్లో పోవడానికి వాడికి భయం. రాత్రి పదకొండు దాటాక పక్కమీద వాడి చెయ్యి నాకు తగిలింది. చల్లగా ఉంది. లేపితే కళ్లు తెరిచి మళ్లీ మూస్తున్నాడు. కూర్చోబెడితే తల తిరుగుతోందని ఒరిగిపోయాడు. వాచ్‌మన్ తాతను లేపాను. ఆయన వార్డెన్ గారికి ఫోన్ కలుపుతూనే ఇంకో ఫోన్‌తో నన్ను 108కి చేయమన్నాడు. బండి వచ్చింది. నేను, కామాటి అన్న వెంట వెళ్లాం.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎన్నిసార్లు అయ్యాయని ఆమె అడగలేదు. "మూత్రం చివరిసారి ఎప్పుడు పోశావు బాబూ?" అని అడిగింది. వాడు చాలాసేపు ఆలోచించి, "అన్నం గంటకు ముందు" అన్నాడు. అంటే మధ్యాహ్నం. దాదాపు పదకొండు గంటలు. ఆమె వాడి పొట్టమీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. మామూలుగా ఐతే వెంటనే సర్దుకుపోవాలి. వాడిది మెల్లగా, ముడత పడినట్టు నిలిచి తర్వాత పోయింది. నాలుక చూసింది, ఎండిపోయి ఉంది. వెంటనే సెలైన్ పెట్టించింది. తెల్లవారుజామున వాడు మూత్రం పోశాక, అప్పుడు నవ్వింది ఆమె. ఏడో తరగతి పిల్లవాడు మూత్రం పోస్తే అంత సంతోషపడే మనుషులుంటారని నాకు ఆ రోజే తెలిసింది. వాడిప్పుడు ఐటీఐ పూర్తి చేసి ఉద్యోగంలో ఉన్నాడు. వాణ్ని అడిగే ఇది రాస్తున్నాను.

ఎన్నిసార్లు అయ్యాయి అనేది కూడా చెప్పాలి, కాని అదొక్కటే చూస్తే మోసపోతాం. పదిసార్లు అయినా, అయినప్పుడల్లా ఓఆర్ఎస్ తాగుతూ, మూత్రం బాగా పోస్తూ, మాట్లాడుతూ ఉన్నవాడికి భయం తక్కువ. నాలుగుసార్లే అయినా తాగింది తాగినట్టు కక్కేస్తూ, మత్తుగా పడి ఉన్నవాడికి భయం ఎక్కువ. మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నాయి. చిక్కటి టీ రంగులోకి వచ్చి, కొంచెం కొంచెమే పడుతుంటే సరిపోవడం లేదు. ఎనిమిది గంటలుగా అసలు రాకపోతే ఇక గదిలో ఉంచకూడదు. నోరు ఎండిపోవడం, కళ్లు లోపలికి పోయినట్టు ఉండడం, నిలబడితే కళ్లు తిరగడం, చేతులు కాళ్లు చల్లబడడం, పిక్కలు పట్టేయడం కూడా అదే మాట చెబుతాయి. పిలిస్తే సరిగ్గా పలకకపోతే మిగతావి ఏవీ చూడనక్కర్లేదు, ఫోన్ చేయండి.

ఇంకో గుర్తు ఉంది. దాన్ని నేను పుస్తకంలో చదవడానికి ముందే మా అమ్మ నోట విన్నాను.

మా అమ్మకు నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. 2000 సంవత్సరం వేసవిలో తొమ్మిది నెలల పిల్ల. వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. అది ఏ క్రిమి వల్లో పరీక్ష చేసినవాళ్లు లేరు. ఊళ్లో పెద్దవాళ్లు పాలు మాన్పించమన్నారు, నీళ్లు తగ్గించమన్నారు. లోపలికి పోయేకొద్దీ బయటికి వస్తోంది కాబట్టి లోపలికి పోనివ్వకపోతే ఆగుతుందని వాళ్ల లెక్క. లంఖణం పరమౌషధం అని మన వాళ్లు ఊరికే అనరు కదా. దిష్టి తీశారు. వాము నీళ్లు నాలుక మీద రాశారు. రెండో రోజు సాయంత్రానికి బస్సు దొరికి టౌనుకు తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. అమ్మ ఆ సంగతి ఎప్పుడో గాని చెప్పదు. చెప్పినప్పుడల్లా ఒక మాట అంటుంది. "ఏడుస్తానే ఉంది రా, కళ్లల్లో చుక్క నీరు రాలా."

డిగ్రీ రెండో సంవత్సరంలో లైబ్రరీలో ఒక పుస్తకంలో పిల్లల్లో నీరు తగ్గిపోయిన గుర్తులు వరుసగా ఇచ్చి ఉన్నాయి. అందులో మూడోదో నాలుగోదో, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం. ఆ పేజీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. అమ్మ చూసింది, గుర్తు పెట్టుకుంది, ఇరవై ఏళ్లుగా మోస్తోంది. దాని అర్థం ఏమిటో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. నేనూ ఆమెకు ఇంకా చెప్పలేదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం అనిపిస్తుంది. మీకు మాత్రం చెప్పాలి, ఎందుకంటే సెలవులకు ఇంటికి పోతే మీ అక్కల పిల్లలు, పిన్ని పిల్లలు ఉంటారు. పాలు తాగే బిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. ఏడిస్తే కన్నీళ్లు లేకపోయినా, మాడు గుంట పడినా, ఆరు గంటలుగా పక్క తడపకపోయినా, పాలు పట్టుకోకుండా సోలిపోతున్నా, ఉదయం దాకా చూద్దాం అనేవాళ్లను ఆగమని చెప్పండి. అంత చిన్నపిల్లలకు మనకున్నంత వ్యవధి ఉండదు. అలాగే పసిపిల్లలకు ఎక్కువగా వచ్చే రోటా వైరస్‌కు టీకా ఉంది. 2016లో దేశంలో దీన్ని ప్రభుత్వ టీకాల్లో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో ఉచితంగా వేస్తారు. ఆ మూడు మోతాదులూ పడ్డాయో లేదో కార్డు తీసి చూడండి. ఇంట్లో చదవగలిగేది మీరే కదా.

ఇక నీళ్ల సంగతి. వట్టి నీళ్లు తాగితే ఎందుకు సరిపోదు, ఉప్పు, చక్కెర ఎందుకు కలపాలి అనేది మా ఎమ్మెస్సీలో నాకు బాగా నచ్చిన పాఠం. పేగు గోడలో ఒక రకం తలుపు ఉంటుంది. ఉప్పులోని సోడియం, గ్లూకోజు రెండూ జతగా వస్తేనే అది లోపలికి రానిస్తుంది. అవి లోపలికి పోతే వాటి వెంట నీరు పోతుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ తలుపు చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్ఎస్ అంతా ఈ చిన్న సంగతి మీదే ఆధారపడింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో పశ్చిమ బెంగాల్లో బన్‌గావ్ శరణార్థి శిబిరం నిండిపోయింది. కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబీస్ గారు ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు నీళ్లలో కలిపించి డ్రమ్ముల్లో పోయించారు. రోగుల చుట్టాల చేతే గ్లాసులతో తాగించారు. అంతకుముందు నూటికి ముప్పై మంది దాకా చనిపోతున్న చోట అది నాలుగు లోపుకు దిగింది. ఆయన 2022లో చనిపోయారు, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. పదో తరగతి సోషల్ పుస్తకంలో యుద్ధం తారీకులు బట్టీ పట్టాం గాని, ఈయన పేరు నేను ఎమ్మెస్సీకి వచ్చాకే విన్నాను.

ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లు అని రాసి ఉంటుంది. పెద్ద ప్యాకెట్టు లీటరు నీటికి. సగం ప్యాకెట్టు గ్లాసులో వేసుకుని తాగడం, రుచి కోసం ఇంకాస్త చక్కెర కలపడం చేయకండి. కలిపింది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్టు లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మేలు కంటే కీడు ఎక్కువ. కన్నీళ్లంత ఉప్పగా ఉంటే చాలు, అంతకు మించితే పారబోసి మళ్లీ కలపండి. వాంతి అయిన వెంటనే గ్లాసెడు తాగితే అది కూడా వస్తుంది. పది నిమిషాలు ఆగి, చెంచాతో రెండు మూడు నిమిషాలకొకసారి పట్టాలి. ఇది విసుగు పని. పక్కన ఒకడు కూర్చోవాలి. స్నేహితుడు ఎందుకుంటాడు మరి? గంజిలో ఉప్పు వేసి ఇచ్చినా, మజ్జిగ ఇచ్చినా మంచిదే. కూల్‌డ్రింకులు వద్దు, వాటిలో చక్కెర మరీ ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. మందుల షాపుల్లో ఓఆర్ఎస్ అని పేరు పెట్టి పండ్లరసం లాంటి తియ్యటి డబ్బాలు చాలా ఏళ్లు అమ్మారు. హైదరాబాదులో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దాని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఉత్తర్వులు ఇచ్చింది. అయినా కొనేటప్పుడు అడిగి, పొడి ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఇంకో సంగతి, ప్యాకెట్లు ఆఫీసు బీరువాలో ఉండి తాళం చెవి టౌన్లో ఉంటే రాత్రి పూట ఎవరికీ పనికిరావు. వాచ్‌మన్ తాత గదిలో పది ప్యాకెట్లు, ఒక లీటరు సీసా ఉంచమని వార్డెన్ గారిని అడిగాను. సరే అన్నారు. ఉన్నాయో లేదో మీరు వెళ్లి చూడండి.

నీళ్లు సరిగ్గా తాగుతున్నా ఆసుపత్రికి పోవాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. విరేచనంలో రక్తం, జిగురు కనిపిస్తే అది మామూలు వైరస్ పని కాకపోవచ్చు. జ్వరం 102 దాటితే కూడా అంతే. బియ్యం కడిగిన నీళ్లలా ధారగా పోతుంటే కలరా కావచ్చు. అప్పుడు గంటలు లెక్కపెట్టకండి, తాగిస్తూనే బయల్దేరండి. వాంతిలో రక్తం కనబడినా, ఆకుపచ్చగా వచ్చినా ఆగొద్దు. కడుపునొప్పి విరేచనం అయ్యాక తగ్గుతూ వస్తూ ఉంటే సరే, కాని బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగి అక్కడే నిలబడిపోతే అది అపెండిసైటిస్ కావచ్చు. దాన్ని కడుపు జబ్బు అనుకుని మజ్జిగ తాగిస్తూ కూర్చుంటే ప్రమాదం. ఒక రోజంతా ఏది తాగినా నిలవకపోయినా, విరేచనాలు రెండు రోజులు దాటినా తగ్గుముఖం పట్టకపోయినా ఇక ఇంటి వైద్యం చాలు. ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్లు, గర్భిణీలు, ముసలివాళ్లు అయితే అంతదాకా కూడా ఆగకూడదు.

మన ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. పోవాల్సినప్పుడు పోరు, పోయినప్పుడు సెలైన్ ఎక్కించాలని పట్టుబడతారు. సీసా ఎక్కిస్తేనే వైద్యం చేసినట్టు. మా బాబాయి ఒకసారి రెండు మోషన్లకే రెండు సీసాలు ఎక్కించుకుని, ఆ డబ్బు మా అమ్మ దగ్గరే అప్పు తీసుకున్నాడు. తాగగలిగినవాడికి నోరే సెలైన్ దారి. తాగలేనివాడికి, మత్తులో ఉన్నవాడికి, చర్మం ముడత పడినవాడికి సూది దారి కావాలి, వాళ్లకు అది ప్రాణం నిలబెడుతుంది. అలాగే యాంటీబయాటిక్ బిళ్లలు వైరస్‌ను ఏమీ చేయలేవు. అవి కావాలో అక్కర్లేదో డాక్టరు చెప్పాలి. విరేచనాలు టక్కున ఆపే బిళ్ల పరీక్ష ఉందని, బస్సు ప్రయాణం ఉందని వేసుకుంటారు. జ్వరం, రక్తం ఉన్నప్పుడు అది వేసుకుంటే లోపలున్నది లోపలే ఉండిపోయి ముప్పు తెస్తుంది. చిన్నపిల్లలకైతే అసలు వేయకూడదు.

ఒకే పూట తిన్నవాళ్లలో ముగ్గురు నలుగురికి కలిపి మొదలైతే అది ఒక్కొక్కరి జబ్బు కాదు. వార్డెన్ గారికి, పి.హెచ్.సి.కి వెంటనే కబురు వెళ్లాలి. నీళ్ల ట్యాంకా, కూరా, చేతులా అనేది వాళ్లు చూస్తారు. ఎవరి మీదికి మాట వస్తుందోనని రాత్రంతా దాచిపెట్టిన చోట్ల ఏమైందో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. చెప్పిన పిల్లవాణ్ని ఎవరూ తప్పు పట్టకుండా చూసుకోవాల్సింది పదో తరగతి అన్నలు. పేరు పెట్టి పిలిచేవాళ్లను ఆపాల్సింది కూడా వాళ్లే.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఒక కాగితం మీద రాసుకుని పొండి. ఎప్పుడు మొదలైంది, వాంతులెన్ని, విరేచనాలెన్ని, చివరి మూత్రం ఎన్ని గంటలకు, ఏం తాగాడు, ఏ బిళ్ల వేసుకున్నాడు, గదిలో ఇంకెవరికైనా ఉందా. మన భాషలో, మనకొచ్చిన మాటల్లో చెబితే చాలు. ఆసుపత్రిలో ఇంగ్లీషు రాదని వెనక నిలబడిపోయే అలవాటు మనకుంది. విరేచనానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

తిరిగి వచ్చినవాడు బాగానే కనిపిస్తాడు, ఆకలి కూడా వేస్తుంది. కాని తగ్గిన తర్వాత కూడా చాలా రోజులు వైరస్ విరేచనంలో పోతూనే ఉంటుంది. చేతికి రాసుకునే శానిటైజర్‌కు నోరో వైరస్ సరిగ్గా లొంగదు, సబ్బుతో రుద్ది కడగాల్సిందే. వాంతి పడిన చోట బ్లీచింగ్ నీళ్లు పోయండి, దుప్పటి వేరుగా ఉతికి ఎండలో ఆరేయండి. వడ్డన వంతు వాడిదైతే తగ్గాక కనీసం రెండు రోజులు ఇంకొకరు గరిటె పట్టుకోండి.